డీ డ్రైవ్‌కి ఏమీ కాదు

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. నల్లటి ఒళ్లు, నొక్కినా పలకని రెండు మీటలు, కుడివైపు కీలు విరిగితే రబ్బరు బ్యాండు చుట్టిన మూత. పాలకొండ మెయిన్ రోడ్డులో, నూకాంబిక ఫొటో స్టూడియోలో, గాజు బల్ల మీద ఉంటాను. తమ కథ చెప్పుకునే వస్తువులు వినయంగా మొదలుపెడతాయి. మనుషుల సేవలో అరిగిపోయాం, ధన్యులమయ్యాం అంటాయి. నేను అనను. నాకు కోపం ఉంది. ఎవరి మీదో కూడా చెబుతాను.

నన్ను బిగించిన చేతులకు తొడుగులుండేవి, ముఖాలకు ముసుగులుండేవి. వాళ్లెవరో నాకు తెలియదు, నేనెక్కడికి పోయానో వాళ్లకీ తెలియదు. ఆ లెక్క సరిపోయింది. మొదట విశాఖపట్నంలో ఒక ఆఫీసులో పడ్డాను. అక్కడ నన్ను వాడినవాడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంకెలు చూసి నిట్టూర్చేవాడు. జంతికలు తిని ఆ నూనె వేళ్లతోనే మీటలు నొక్కేవాడు. కొత్త సరుకు రాగానే మమ్మల్నందరినీ మూలన పేర్చి, లోపలున్నదంతా తుడిచి, సెకండ్ హ్యాండ్ కొట్టుకు తోలేశారు. ఆ తుడుపు మీద నాకు ఫిర్యాదు లేదు. తలుచుకోదగింది అందులో ఏమీ లేదు.

అక్కడినుంచి నన్ను తెచ్చింది దమయంతి. బేరమాడింది ఆమె. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది ఆమె. ఊళ్లో మాత్రం "పోలినాయుడు ల్యాప్‌టాప్ కొన్నాడు" అన్నారు. పోలినాయుడు ఆమె భర్త. స్టూడియో బోర్డు మీద యజమానిగా ఉన్న పేరు అతనిది.

ఇద్దరికీ పని పంపకం ఉండేది. పెళ్లికి వెళితే కెమెరా అతను పట్టేవాడు. తెల్ల గొడుగు కట్టిన లైటు ఆమె పట్టేది. భుజం పడిపోయే బరువు. కెమెరా కన్నుకు ఆనించగానే అతని నోట వచ్చే మాట ఒకటే. "పక్కకే." పెళ్లికొడుకుని నవ్వమనేవాడు, పెళ్లికూతురిని తలెత్తమనేవాడు, భార్యను పక్కకు పొమ్మనేవాడు. ఆమె తప్పుకునేది. అయినా గొడుగు పట్టిన మనిషి ఎంత దూరం పోతుంది? ఫొటో అంచున ఒక చెయ్యో, మోచెయ్యో, చీర కొంగో పడేది. స్టూడియోకు వచ్చాక ఆమే నా ముందు కూర్చుని, ఆ అంచు కోసేసి ఆల్బమ్‌కు పంపేది. అంటే తనను తానే కోసేసుకునేది. అసలు ఫొటో మాత్రం చెరిపేది కాదు. "ఉండనీ, ఎప్పుడేటి పనికొస్తదో" అనేది.

ఆ పనికొచ్చే రోజు తరచుగా వచ్చేది. ఈ ప్రాంతంలో బతికుండగా ఒంటరిగా ఫొటో దిగే అలవాటు తక్కువ. మనిషి పోయాక పటం కావాలి. పెద్దకర్మ నాటికి దండ వేయడానికి ఒక ముఖం ఉండాలి. చుట్టాలు పరుగెత్తుకొచ్చేవారు. "మా అయ్య ఫలానా పెళ్లిలో బంతిలో కూకున్నాడు, సూడమ్మా" అనేవారు. దమయంతి వెతికి తీసేది. నోట్లో ముద్ద ఉంటే తీసేసేది. కళ్లు మూసి ఉంటే అదే మనిషి ఇంకో ఫొటోలోంచి కళ్లు తెచ్చి పెట్టేది. వెనక నీలం రంగు పోసేది. ఎవరి పెళ్లిలోనో ఎవరో వేసుకున్న బూడిదరంగు కోటు ఒకటి కత్తిరించి నాలో దాచింది. నాగలి తప్ప ఏమీ ఎరగని మనిషికైనా చచ్చాక ఆ కోటే తొడిగేది. బతికున్నప్పుడు చొక్కా గుండీ లేదని ఎవరికీ పట్టలేదు. పోయాక కోటు లేకపోతే ఊరుకోరు. ఇవాళ్టికీ ఈ చుట్టుపక్కల ఎన్నో గోడల మీద ఆ ఒక్క కోటే వేలాడుతోంది. మనుషుల ప్రేమ నాకు అర్థం కాదు. అర్థం చేసుకునే ఓపికా లేదు.

ఇక గౌరీశ్వరరావు సంగతి. బస్టాండు ఎదుట కంప్యూటర్లు బాగుచేసే కొట్టు అతనిది. ఏ జబ్బుకైనా అతని దగ్గర ఉన్న మందు ఒకటే, ఫార్మాట్ కొట్టడం. నా లోపలున్న డిస్కు ఒకటే. దాన్ని అతను రెండు గదులు చేశాడు. సీ అన్న గదిలో విండోస్. డీ అన్న గదిలో మనుషులు దాచుకున్నవి. నేను మొరాయించినప్పుడల్లా సీ గది ఊడ్చి, కొత్తగా దొంగ కాపీ ఎక్కించి చేతిలో పెట్టేవాడు. డీ జోలికి పోయేవాడు కాదు. "ఏటున్నా డీలో పెట్టుకో వదినా. డీ డ్రైవ్‌కి ఏటీ అవదు" అని దమయంతికి చెప్పింది అతనే. ఆమె నమ్మింది. అన్నీ డీలోనే పెట్టింది. ఈ ఊళ్లో అందరూ అలాగే పెట్టుకుంటారు. దసరాకు నా మూత మీద పసుపు బొట్టు పెట్టినప్పుడు కూడా ఆమె మొక్కింది అమ్మవారికో డీ డ్రైవ్‌కో చెప్పలేను.

దమయంతికి జ్వరం వచ్చింది. పోయింది. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

పెద్దకర్మకు పటం కావాల్సి వచ్చింది. పోలినాయుడు నా ముందు కూర్చున్నాడు. ఎలుక, అదే మౌస్, పట్టడం రాదు. అన్నేళ్లలో ఒక్కసారీ పట్టలేదు. అల్మారాలో ఉన్న ఆల్బమ్‌లన్నీ తిరగేశాడు. ఎక్కడా లేదు. ఉండదు, కోసింది ఆమే కదా. చివరికి ఆధార్ కార్డు మీద ఫొటో పెద్దది చేయించి దండ వేశాడు. చుక్కలు చుక్కలుగా, పోలీసులు పట్టుకొచ్చిన దొంగలా ఉంది. వచ్చినవాళ్లు విస్తరి ముందు కూర్చుని గోడ వంక చూశారు.

"ఊరందరికీ కోట్లు తొడిగింది. దానికి ఇదేటి మొకం?" అంది ఒక ముసలమ్మ, వినపడేలాగే.

"ఉన్నది అదే" అన్నాడు పోలినాయుడు.

హైమావతి ఊరుకోలేదు. దమయంతి అన్న కూతురు, జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నోరు అత్త పోలికే. "డీలో అసలు ఫొటోలున్నాయి మావయ్యా. ఒక్కదాంట్లోనైనా అత్త మొకం పడకుండా ఉంటదా? ఏడాది నాటికైనా మంచి పటం కట్టించు. లేకపోతే ఆ ఆధార్ పటం నేనే పీకేస్తాను."

అతను విస్తళ్లు ఎత్తడానికి లేచాడు. కానీ మర్నాటినుంచి నన్ను తెరవడం మొదలుపెట్టాడు. ఏడాదిలోపు ఆమె ముఖం దొరకాలి. అతనికి కావలసింది అదొక్కటే. ఆ ముఖం ప్రపంచంలో ఉన్నది నా ఒక్కదానిలో.

నేనా, ముసలిదాన్ని. నాలో ఉన్న విండోస్‌కు కాలం చెల్లింది. కొత్తది నాకు ఎక్కదని తెర మీదే రాసి చూపించేది. డీలో ఒక సంచి, అంటే ఫోల్డరు, తెరవమంటే ఆయాసపడేదాన్ని. అతను ఎదురు హోటలుకు పోయి టీ తాగి వచ్చేసరికి నేనింకా గుండ్రం తిప్పుతూ ఉండేదాన్ని. నాలుగు ఫొటోలు చూపించి బిగుసుకుపోయేదాన్ని. అతను నన్ను అరచేత్తో కొట్టేవాడు. దమయంతి ఎప్పుడూ కొట్టలేదు.

హైమ వచ్చి చూసింది. "దీనికి విండోస్ తీసేసి లినక్స్ ఎక్కిద్దాం మావయ్యా. పాతవాటికి అదే తేలిక. కాని నా మాట విను. ముందు బయటి డిస్కు ఒకటి కొని, డీలో ఉన్నదంతా దాంట్లోకి కాపీ తీద్దాం. తీసింది మా కాలేజీ కంప్యూటర్లో తెరిచి చూద్దాం, నిజంగా వచ్చిందా లేదా అని. తరవాత లినక్స్‌ని పెన్‌డ్రైవ్ మీంచే నడిపి చూద్దాం. ప్రింటర్ పలుకుతోందా, వైఫై పలుకుతోందా. అన్నీ బాగుంటేనే లోపల ఎక్కిద్దాం. ఆదివారం వస్తాను. అప్పటిదాకా ముట్టుకోకు."

ఇందులో కష్టమైన మాట ఒక్కటైనా ఉందా? లేదు. కానీ చెప్పింది ఆడపిల్ల. అదీ భార్య తరఫు పిల్ల. అదీ నలుగురి ముందు ఆధార్ పటం పీకేస్తానన్న పిల్ల. పోలినాయుడు శుక్రవారమే నన్ను చంకన పెట్టుకుని బస్టాండు దగ్గరకు నడిచాడు.

"లినక్సా?" అన్నాడు గౌరీశ్వరరావు. "ఓస్, దానికి ఆదివారం దాకా ఎందుకు బావా? మొన్ననే వీడియో సూశాను. టీ తాగేలోపు అయిపోద్ది."

"కాపీ తియ్యాలంట. హైమ సెప్పింది."

"ఆ గుంట కాలేజీలో సెప్తాది, నాను కొట్టులో సేస్తాను. ఎన్ని ఫార్మాట్లు కొట్నేదు? ఒక్కడొచ్చి నా డీ పోనాదన్నాడేటి? డీ డ్రైవ్‌కి ఏటీ అవదు బావా. కూకో."

పోలినాయుడు కూర్చున్నాడు. టీ తెప్పించుకున్నాడు.

గౌరీశ్వరరావు పెన్‌డ్రైవ్ గుచ్చాడు. లినక్స్ నా తెర మీదికి వచ్చింది. నేను ఆ ముఖం ఎప్పుడూ చూడలేదు కాని, మర్యాదస్తురాలిలా ఉంది. ఏం చేయాలో అడిగింది. విండోస్ పక్కన చోటు చూసుకుని ఉండమంటావా? గదులు నువ్వే పంచి ఇస్తావా? లేక డిస్కు మొత్తం చెరిపి ఉండమంటావా? దానికి సీ, డీ అన్న పేర్లు తెలియవు. ఆ పేర్లు విండోస్‌వి. దాని కంటికి డిస్కు ఒక్కటే. గౌరీశ్వరరావు సీ కోసం వెతికాడు. కనబడలేదు. కనబడనప్పుడు ఆగాలి. ఆగలేదు. చెరపడం అన్న మాట చూసి, తను రోజూ కొట్టే ఫార్మాట్ ఇదే అనుకున్నాడు. నొక్కాడు. అన్నీ పోతాయి, నిజంగానా అని అది ఇంకోసారి అడిగింది. పుట్టినప్పటినుంచి చదవకుండా అవునని నొక్కే వేలు అది. అవునని నొక్కింది.

నాకు నోరు లేదు. ఫ్యాను ఉంది. తిరిగాను, గోల చేశాను. "దుమ్ము పట్టీసింది బావా, అందుకే ఆ సప్పుడు" అన్నాడు.

తర్వాత జరిగినది చెప్పడానికి నాకు ఒళ్లు మండుతుంది. నేను తేలికయ్యాను. ఏళ్ల తరబడి లేని హుషారు వచ్చింది. మూత ఎత్తగానే మేలుకున్నాను, అడగగానే పలికాను. "సూడు బావా, గుర్రం!" అని గౌరీశ్వరరావు నా వీపు చరిచాడు.

పోలినాయుడు తెరకు దగ్గరగా వంగాడు. "డీ ఏది?"

"లినక్స్‌లో డీ అని ఉండదు బావా. ఏరే పేరుంటాది. ఉండు."

వెతికాడు. మళ్లీ వెతికాడు. ఏమీ లేని సంచులు తెరిచి మూశాడు. అతని నుదుటి మీద చెమట పట్టడం నా కెమెరా కంటితో చూశాను.

"పోనాదా?"

"అంటే బావా... పాత ఫొటోలే గదా. కస్టమర్లు డబ్బులిచ్చీసినవే గదా."

పోలినాయుడు నా మూత విసిరి మూశాడు. కుడి కీలు అప్పుడే విరిగింది. గౌరీశ్వరరావు మీద పడాల్సిన దెబ్బ నా మీద పడింది. ఈ ఇంట్లో ఎవరి మీది కోపమైనా తీరేది పక్కనున్నవాళ్ల మీదే. దమయంతికి తెలుసు ఆ సంగతి.

నన్ను అలాగే కాలేజీకి మోసుకెళ్లాడు. హైమ స్టాఫ్ రూము వరండాలోకి వచ్చింది. విన్నది. కేకలు వేస్తుందనుకున్నాను. గొంతు తగ్గించింది, అది ఇంకా భయం.

"ఆదివారం అన్నానా, లేదా?"

"అన్నావు."

"అత్త ఉన్నన్నాళ్లూ ఒక్కసారి దాని ముందు కూకోలేదు. అత్త పోయాక రెండ్రోజులు ఆగలేపోయావు. మావయ్యా, నిన్నేటనాలి?"

అతను నన్ను ఆమె చేతుల్లో పెట్టాడు.

"ఆపెయ్. ఇంకొక్క ఫొటో కూడా దాంట్లో ఎక్కించకు. చెరపడమంటే ముందు తలుపుల మీద పేర్లు పీకెయ్యడం. సామాను లోపలే ఉంటది, మీద కొత్త సామాను పడేదాకా. ఆ తెలివితక్కువోడు ఎక్కించిన లినక్స్ కొంత మీద పడింది. దాని కింద ఉన్నవి ఎలాగూ రావు. మిగతావి ఎన్నొస్తాయో నేను చెప్పలేను. రాకపోతే ఆధార్ పటమే నీకు గతి."

ఆమె బయటి డిస్కు తెచ్చింది. నా లోపలి దాన్ని ముట్టుకోకుండా, లినక్స్‌ను పెన్‌డ్రైవ్ మీంచే నడిపించింది. పోయిన ఫొటోలు ఏరే పనిముట్టు ఒకటి అందులో ఉంది. అది నా డిస్కును ఈ చివరినుంచి ఆ చివరి దాకా గోకింది. రోజుల తరబడి వేడెక్కి నడిచాను. అలసిపోలేదు. ఆగిపోతే ఆమె పోతుందని తెలుసు. ఇన్నేళ్లలో మొండిగా పనిచేసింది అదే మొదటిసారి.

చాలా వచ్చాయి. కాని పేర్లు లేవు. ఏ పెళ్లో, ఏ ఊరో, ఏ ఏడో లేదు. ఇసుక లారీ బోర్లించినట్టు అన్నీ ఒక్క కుప్ప. కొన్ని సగానికి తెగి, కింద బూడిద చారలు. కొన్ని ముఖాలు అసలే రాలేదు. ఆ రోజుల్లోనే ఒకతను చచ్చిపోయిన తల్లి ఫొటో కోసం వచ్చాడు. దొరకలేదు. "మా అమ్మ మొకం పోగొట్టీసినావు నాయుడూ" అని మెట్ల మీద ఉమ్మి పోయాడు. పోలినాయుడు ఆ ఉమ్మి తనే కడిగాడు. గౌరీశ్వరరావు పేరు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. నేనైతే చెప్పేదాన్ని.

"నాకు కాలేజీ ఉంది" అంది హైమ. "వెతకాల్సింది నువ్వే." ఎలుక పట్టడం నేర్పి వెళ్లిపోయింది.

వెతికాడు. కొట్టు తెరిచిన దగ్గరనుంచి మూసేదాకా కుర్చీలోంచి లేవలేదు. పెళ్లికొడుకులు, పెళ్లికూతుళ్లు, బంతులు, బ్యాండు మేళాలు. మధ్యలో మనిషి లేని బూడిదరంగు కోటు ఒకటి. దాన్ని తెర నిండా పెద్దది చేసి చూశాడు. ఆ కోటు సంగతి అతనికి తెలియదు. తన కొట్టులో జరిగిన పని తనకు తెలియదు.

అంచుల్లో ఆమె ఉంది. గాజుల చెయ్యి ఉంది. మోచెయ్యి ఉంది. గొడుగు వెనక సగం జడ ఉంది. వీపు ఉంది. ఇన్ని పెళ్లిళ్లలో ముఖం లేదు. ప్రతిసారీ కెమెరా నొక్కేముందు ఎవరు ఏమనేవారో మీకు చెప్పాను.

ఏడాది దగ్గర పడ్డాక ఒక సాయంత్రం దొరికింది. నాకు ఆ ఫొటో తెలుసు. దమయంతి దాన్ని తెరిచిన రోజు వెంటనే కోయలేదు, కొంచెంసేపు చూసుకుంది. వాన పెళ్లి. పందిట్లో నీళ్లు. గాలికి గొడుగు తిరగబడింది. పెళ్లికొడుకు ఒక పక్కకు జారిపోయి, ఫొటో మధ్యలో ఆమే ఉంది. తడిసిన జుట్టు, నుదుటి మీదినుంచి కారిన బొట్టు, కెమెరాలోకి సూటిగా చూపు. నోరు తెరిచి ఉంది.

హైమను పిలిపించాడు. ఆమె నిలబడే చూసింది.

"ఏటంటోంది అత్త?"

"తిడతంది."

"ఎవర్ని?"

"కెమెరా ఎవుల సేతిలో ఉంది?"

ఆమె కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది.

ఈసారి అంతా ఆమె చెప్పిన వరసలోనే జరిగింది. ఏరిన ఫొటోలన్నీ రెండు డిస్కుల్లో ఉన్నాయి. రెండూ వేరే కంప్యూటర్లో తెరిచి, అక్కడొకటి ఇక్కడొకటి పెద్దది చేసి చూశారు. పెన్‌డ్రైవ్ మీంచి ప్రింటర్ పలికించారు. ఆ తర్వాతే నన్ను మొదటినుంచి మళ్లీ చెరిపి, లినక్స్ ఎక్కించారు. అదే మీట, అదే హెచ్చరిక. ఈసారి పోలినాయుడు దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, హైమ వంక చూసి, నొక్కాడు. భయపడే మనిషి చేతిలో ఏ యంత్రమూ చెడదు. ఆ భయం ముందే ఉండాల్సింది.

పటం అతనే కత్తిరించాడు. రెండు వారాలు పట్టింది. చెవి కొసన కొంచెం తెగింది. గొడుగు ఊచ ఒకటి భుజం మీద మిగిలిపోయింది. నీలం పోయలేదు, వాననే ఉంచాడు.

"నోరు మూసెయ్యొచ్చు మావయ్యా" అంది హైమ. "అత్త ఎంతమందికి చెయ్యలేదు? నా పెదాలు తెచ్చి పెడితే నవ్వుతున్నట్టే ఉంటది."

"ఒద్దు."

ఏడాది నాడు కొట్టులోనే బల్లలు జరిపి భోజనాలు పెట్టారు. పటం నాకు ఎదురుగోడ మీద. వచ్చినవాళ్లకు అన్నం దిగలేదు. దండ వేసిన ఆడది విస్తళ్ల వంక చూసి తిడుతుంటే ఎలా దిగుతుంది? "తిట్టే పటం ఏ ఇంట్లోనైనా ఉంటాదేటి?" అంది ఆ ముసలమ్మే.

"ఉంటాది. ఇదిగో" అన్నాడు పోలినాయుడు, సాంబారు వడ్డిస్తూ.

గౌరీశ్వరరావు కూడా వచ్చాడు. పిలవలేదు. ఈ ఊళ్లో సిగ్గు కన్నా విస్తరి పెద్దది. చెయ్యి కడుక్కుని వచ్చి పటం కింద నిలబడ్డాడు. పళ్లు కుట్టుకుంటూ తల అటూ ఇటూ వంచి చూశాడు.

"నవ్వుతున్నది దొరకనేదా బావా?"

పోలినాయుడు సాంబారు గిన్నె నా పక్కన గాజు బల్ల మీద పెట్టాడు.

"డీలో ఉండేది."

గౌరీశ్వరరావు తాంబూలం తీసుకోకుండా వెళ్లిపోయాడు. అతని కొట్టు ఇంకా నడుస్తోంది. బోర్డు మీద "లినక్స్ కూడా చేయబడును" అని కొత్తగా రాయించాడు. ఊరు ఆ కొట్టుకు వెళుతూనే ఉంది.

నేను బాగా పనిచేస్తున్నాను. లినక్స్‌తో నాకు తగువు లేదు. అది అడిగి చేస్తుంది. ఈ కథలో అడిగింది అదొక్కటే. ఏదో ఒకనాడు నన్నూ పాత సామాన్ల బండి మీదికి ఎక్కిస్తారు, దానికి నేను ఏడవను. అప్పటిదాకా పొద్దున్నే పోలినాయుడు వచ్చి రబ్బరు బ్యాండు తీసి నా మూత ఎత్తుతాడు. నేను వెంటనే వెలుగుతాను. ఆ వెలుగు ఎదురుగోడ మీద పడుతుంది. ఆమె నోరు తెరిచే ఉంటుంది. అతను కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుని కూర్చుంటాడు. ఎంత జరిగినా ఆ చూపు అతని మీదే.